మానిన ముద్ద ఎవరికి చేరాలి?

మాఘమాసం వెళ్లి ఫాల్గుణం ప్రవేశించే రోజుల్లో మా ఆలయానికి వచ్చే తల్లిదండ్రులలో ఒకరిద్దరైనా ఏటా ఒక సందేహం అడుగుతుంటారు. “స్వామీ! మా పాప కాన్వెంటులో చదువుతోంది. నలభై రోజులు చాక్లెట్లు ముట్టనని బడిలో మాట ఇచ్చి వచ్చిందట. అది వాళ్ల వ్రతం కదా! మన పిల్లలు చేయవచ్చునా? దోషం కాదా?” అని. వెనుకటి రోజుల్లో నేను క్షణం ఆలోచించకుండా “మనకు లేని వ్రతాలా?” అని కొంచెం కటువుగానే చెప్పి పంపేవాడిని. ఇప్పుడు అలా చెప్పలేను. 2025వ సంవత్సరంలో కలిగిన ఒక అనుభవం నా చేత ఆ మాట మాన్పించింది. దానిని మీతో పంచుకోవడం నా విధి అనుకుంటున్నాను.

మా అబ్బాయి కుటుంబం ఐర్లండ్ దేశంలో, డబ్లిన్ నగరంలో ఉంటున్నది. సముద్రం దాటడం గురించి మా ఇంట్లో పెద్ద శాస్త్రచర్చే జరిగింది. చివరకు మనవరాలి మీది మమకారమే గెలిచింది. ఆ యేడు ఫిబ్రవరి 26న మహాశివరాత్రి అభిషేకాలు ముగించి, స్వామి కైంకర్యం తమ్ముడికి అప్పగించి, మేమిద్దరం బయలుదేరాము. మనవరాలికి అప్పటికి ఏడేళ్లు నిండాయి. ఇంటికి దగ్గరలోని కతోలిక ప్రాథమిక పాఠశాలలో రెండవ తరగతి చదువుతోంది.

ఆ దేశంలో నూటికి దాదాపు తొంభై ప్రాథమిక పాఠశాలలు కతోలిక బిషప్పుల ఆధ్వర్యంలోనే నడుస్తాయి. ఖర్చు మాత్రం ప్రభుత్వానిదే. చోటు చాలనప్పుడు జ్ఞానస్నానం పొందిన పిల్లలకు ముందుగా ప్రవేశమిచ్చే పద్ధతిని అక్కడి కతోలిక ప్రాథమిక పాఠశాలల్లో 2018 నాటి చట్టం తొలగించింది. మతబోధ వద్దనుకునే పిల్లలు ఆ సమయంలో వేరే పని చేసుకునే హక్కు వారి రాజ్యాంగంలోనే ఉంది. కాబట్టి మన తెలుగు పిల్లలెందరో ఆ బడులలో నిస్సంకోచంగా చదువుతున్నారు.

అట్ల మంగళవారం, భస్మ బుధవారం

మేము చేరిన రెండు రోజులకే, మార్చి 4న, మనవరాలు బడి నుంచి గంతులేస్తూ వచ్చి “తాతయ్యా! ఈ రోజు అట్ల పండుగ!” అన్నది. చక్కెర చల్లి, నిమ్మరసం పిండిన పల్చని అట్లను ఆ రోజు ఇంటింటా తింటారు. పూర్వం ఉపవాస దినాలలో గుడ్లు, పాలు, వెన్న నిషిద్ధం కనుక, ఇంట్లో మిగిలినవన్నీ ముందురోజే అట్లుగా పోసి చెల్లించేవారట. మా ఇంటిది గడ్డ కలియని శాకాహారపు పిండి గనుక, మా కోడలు పాలు, మైదాతోనే పోసిపెట్టింది. మా శ్రీమతికి అట్లతద్ది జ్ఞాపకం వచ్చి ఒకటే నవ్వు!

మరునాడు సాయంత్రం బడి వదిలే వేళకు మనవరాలిని తీసుకురావడానికి నేనే వెళ్లాను. గేటులోంచి వస్తున్న పిల్లలను చూసి నిలబడిపోయాను. ఎందరో చిన్నారుల నుదుట బూడిదతో గీసిన గుర్తు ఉంది. సిలువ ఆకారం. నా నుదుట మూడు విభూతి రేఖలు. “తాతయ్యా! వాళ్లూ నీలాగే పెట్టుకున్నారు చూడు!” అన్నది మా పిల్ల.

దానిని విభూది బుధవారం అని మన తెలుగు కతోలికులు పిలుస్తారు. గత సంవత్సరం ఈస్టరుకు ముందరి ఆదివారం ఆశీర్వదించిన కొమ్మలను కాల్చి ఆ భస్మం చేస్తారు. మనిషి మట్టిలోంచి వచ్చి మట్టిలోనే కలిసేవాడని గుర్తుచేస్తూ గురువు దానిని నుదుట పెడతాడు. ఈశావాస్యోపనిషత్తు చివరి మంత్రాలలో ఈ శరీరం భస్మంతో ముగిసేదేనన్న హెచ్చరిక మనకూ ఉన్నది కదా! అయితే రెండూ ఒకటేనని నేను అనను. వారికి అది ఏడాదికొకసారి వచ్చే పశ్చాత్తాప చిహ్నం. మనకు విభూతి నిత్యధారణ, పరమేశ్వరుని అలంకారం, జ్ఞానాగ్నికి గుర్తు. పోలికను గౌరవిద్దాం, భేదాన్నీ గుర్తిద్దాం.

ఆ బుధవారం నుంచి ఈస్టరు వరకు 46 రోజులు. నడుమ వచ్చే ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు కనుక నలభై. ఏసుక్రీస్తు అరణ్యంలో నలభై దినాలు ఉపవసించిన దానికి అనుసరణగా దీనిని పాటిస్తారు. మన తెలుగువారు తపస్సు కాలమంటారు. ఆంగ్లంలో లెంట్ అన్న మాటకు పూర్వార్థం వసంతమట, పగళ్లు పొడవయ్యే కాలమట. ఈస్టరు కూడా మన పండుగల వలె చంద్రుని అనుసరించేదే. వసంత విషువత్తు తరువాతి పున్నమిని లెక్కగట్టి, ఆ పై వచ్చే ఆదివారం చేస్తారు. ఆ ఏడు మార్చి 30న మన ఉగాది, ఏప్రిల్ 6న శ్రీరామనవమి వారి తపస్సు కాలంలోనే వచ్చాయి. ఏప్రిల్ 20 ఈస్టరు.

పసివారికి నియమం లేదు, మాట ఉంది

ఆ నలభై రోజులూ బడి రూపే మారిపోతుంది. తరగతి గదిలో ప్రార్థనకు ఉంచిన చిన్న బల్ల మీద ఊదారంగు వస్త్రం పరుస్తారు. సంతోషసూచకమైన అల్లెలూయా అన్న మాటను ఈస్టరు దాకా పాటలలో పలకరు. మా మనవరాలి తరగతి పిల్లలు మొదటిసారి గురువు వద్ద తమ తప్పులు చెప్పుకొనే సంస్కారానికి సిద్ధమవుతారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు! మనకు ఉపనయనానికి చెప్పిన వయసూ ఇంచుమించు అదే. మనస్సుతో, వాక్కుతో, చేతులతో, పాదాలతో చేసిన పాపాలు తొలగించమని సంధ్యావందనంలో ఆ వటువు చేతనే కదా మనం వేడుకొనేలా చేస్తాం!

మరొక సంగతి నన్ను ఆలోచింపజేసింది. వారి మతశాస్త్రం ప్రకారం ఉపవాస నియమం 18 ఏళ్లు నిండిన వారికే, అదీ 59 ఏళ్లు పూర్తయ్యే వరకే. మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండిన వారికి. అంటే ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఏ నిర్బంధమూ లేదు! మన ధర్మగ్రంథాలు కూడా ఎనిమిదేళ్లు దాటి ఎనభై నిండని వారికే ఏకాదశి విధించాయి. మరి ఆ బడిలో పసివారు ఏం చేస్తారు? ఒక కాగితం మీద ఎవరికి వారు ఒక మాట రాసుకుంటారు. ఒకడు మిఠాయి మానతానంటాడు. ఒకతె తమ్ముణ్ణి కొట్టనంటుంది. ఇంకొకడు ఆటల తెర ముట్టనంటాడు. మార్చి 17న ఆ దేశపు మహనీయుడు పాట్రిక్ పండుగ. ఆ ఒక్కరోజు మాట సడలించుకొని పిల్లలు మిఠాయిలు తింటారు. మరునాడు మళ్లీ నియమమే.

దేవుడి గూట్లో అట్టపెట్టె

ఆ కాగితంతో పాటు ప్రతి పిల్లకూ ఒక అట్టపెట్టె ఇచ్చారు. ట్రోకరా పెట్టె అంటారు. ట్రోకరా అంటే ఐరిష్ భాషలో కరుణ. 1973లో అక్కడి బిషప్పులు స్థాపించిన సేవాసంస్థ పేరది. మడిచి నిలబెడితే చిన్న హుండీ. దాని మీద దూరదేశపు పేదకుటుంబం బొమ్మ. మానిన వస్తువు ఖరీదును రోజూ అందులో వేసి, పండుగకు అప్పగించాలి.

మా మనవరాలు ఆ పెట్టెను తీసుకువచ్చి దేవుడి గూట్లో, శివపంచాయతనం పక్కన పెట్టింది. నాకు చర్రున కోపం వచ్చింది. “పరమతం వారి పెట్టె పూజామందిరంలోనా?” అని తీసి వంటింటి అలమరలో పెట్టాను. కోడలు తల వంచుకొని ఊరకున్నది. పిల్ల మాత్రం ఏమీ అనలేదు. రోజూ ఆ అలమర ముందు మునివేళ్ల మీద నిలబడి నాణెం వేసి వచ్చేది.

మార్చి 10 ఫాల్గుణ శుద్ధ ఏకాదశి. యథావిధిగా నేను ఉపవాసం. సాయంత్రం నా ముందు పళ్లెంలో సగ్గుబియ్యం ఉప్మా, వేయించిన జీడిపప్పు, అరటిపండ్లు, ద్రాక్ష, గ్లాసెడు పాలు ఉన్నాయి. మనవరాలు పక్కన కూర్చొని అడిగింది. “తాతయ్యా! నీకివాళ ఉపవాసం కదా. నువ్వు తినకుండా మానేసిన అన్నం ఎవరికి వెళుతుంది?”

నలభై ఏళ్లకు పైగా ఏకాదశులు చేస్తున్నాను. ఉపవాసమంటే భగవంతునికి దగ్గరగా వసించడమని ఎన్ని సభలలో చెప్పానో! కానీ ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. నేను మానిన అన్నం ఎవరికీ వెళ్లలేదు. పైగా నా ఉపవాసానికి అయిన ఖర్చు మామూలు భోజనం కంటే ఎక్కువ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనం మరచినదే

ఆలోచించగా తేలినదేమంటే, ఆ పిల్ల అడిగినది పరమతం కాదు, నేను మరచిన స్వధర్మమే. చాతుర్మాస్య వ్రతంలో ఒక్కొక్క మాసం కూరలు, పెరుగు, పాలు, పప్పులు వరుసగా విడుస్తాం. వ్రతాంతంలో అందుకు తగిన దానం చేయాలని శాస్త్రం చెప్పింది. విడవడం సగం, ఇవ్వడం సగం. మనం మొదటి సగం పట్టుకొని రెండవ సగాన్ని వదిలేశాము. వంట మొదలుపెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయమని కంచి పరమాచార్యులు గృహిణులకు బోధించారు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళ ఎవరు వచ్చినా కులమేదని అడగక అన్నం పెట్టింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆ తల్లి పేరే పెట్టారు.

ఇక ఆ ఐర్లండ్ వారికి ఆకలి పుస్తకాలలో చదివిన విషయం కాదు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన కరవులో సుమారు పది లక్షల మంది మరణించారు. అంతమందీ దేశం విడిచి పోయారు. ఆ కష్టకాలంలో, 1846లో, మన కలకత్తాలో ఏర్పడిన సహాయనిధి నుంచి దాదాపు 14,000 పౌండ్లు వారికి చేరాయి. ఆకలికి మతం లేదు. అన్నానికీ లేదు.

తెల్లవారి స్నానసంధ్యలు ముగించి, అలమరలోని పెట్టెను నేనే తెచ్చి దేవుడి గూటికి కొంచెం దిగువన బల్ల మీద ఉంచాను. అబ్బాయిని పిలిచి, నా సాయంకాలపు కాఫీ ఖరీదు రోజూ అందులో వేయమన్నాను. కాఫీ మానడం ఏకాదశి కంటే కష్టమని మూడవనాటికే తెలిసింది. తలనొప్పి భరించలేక అయిదవరోజు తాగాను. మనవరాలు గమనించి “పరవాలేదు తాతయ్యా, రేపు మళ్లీ మొదలుపెట్టు” అన్నది. వారి బడిలో నేర్పిన మాట కాబోలు. నాకు గురూపదేశంలా తోచింది.

మీ ప్రశ్నకు సమాధానం

ఇప్పుడు మొదటి సందేహానికి వస్తాను. మా అబ్బాయి కూడా అదే అడిగాడు. “నాన్నగారూ! ఏది చేయనివ్వాలి, ఏది వద్దనాలి?” నేను చెప్పినది మీకూ చెబుతున్నాను.

పాపసంకీర్తనం, దివ్యబలి ప్రసాద స్వీకారం వారి దీక్ష పొందినవారికి మాత్రమే. ఆ హద్దు వారే పెట్టుకున్నారు, మనమూ పాటించాలి. నుదుటి భస్మం ఎవరైనా స్వీకరించవచ్చునంటారు. అయినా విశ్వాసం లేకుండా సరదాకు ధరించడం వారి పవిత్రతకూ గౌరవం కాదు, మన విభూతికీ కాదు. ఆ వేళ మన పిల్ల వినయంగా కూర్చొని చూస్తే చాలు. కానీ ఇష్టమైనది మానుకొని ఆ ఫలం ఆకలిగొన్నవారికి ఇస్తానని పిల్ల అంటే, అది ఏ గుడి నుంచి నేర్చుకున్నా అడ్డు చెప్పకండి. దోషం లేదు. ఇంట్లో మన చాతుర్మాస్యం, మన అన్నదానం గురించి కూడా పిల్లకు చెప్పండి. చెప్పకపోతే వాటిని మరచిన తప్పు బడిది కాదు, మనది.

స్వదేశం వచ్చాక జూలై 6న, తొలి ఏకాదశినాడు, మా ఆలయ మండపంలో ఒక ఇత్తడి బిందె పెట్టించాను. ఉపవాసం ఉన్నవారు ఆ పూట మానిన అన్నానికి సరిపడా బియ్యం అందులో పోయాలని కోరాను. మొదటిసారి రెండు కిలోలు కూడా రాలేదు. కొందరు నవ్వారు. “స్వామి విదేశం వెళ్లి కొత్త ఆచారం తెచ్చాడు” అన్నవారూ ఉన్నారు. కార్తికంలో క్షీరాబ్ది ద్వాదశి ముందురోజు నాటికి బిందె నిండింది. ఆ బియ్యం మా ఊరి చివర ఒంటరిగా ఉన్న ముగ్గురు వృద్ధురాళ్లకు వెళుతోంది. వారిలో ఒకామె ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. ఆమె ఇంటికి బియ్యం నేనే స్వయంగా తీసుకువెళతాను.

ఏకాదశి వస్తే చాలు, మనవరాలు ఫోనులో మొదట అడిగేది నా ఆరోగ్యం కాదు. “తాతయ్యా! ఇవాళ బిందె ఎంత నిండింది?” అంటుంది. రానున్న ఏకాదశినాడు మీ ఇంట్లోనూ ఒక పాత్ర పెట్టండి. మీ పిల్లల చేతనే బియ్యం పోయించండి.

స్వస్తి.