తాటి నీరా పుల్లబడకుండా కాపాడుకొనుట ఎట్లు?

తాటిచెట్టు క్రింద పాలు త్రాగినా కల్లే అంటారని సామెత. నీరా విషయంలో ఈ మాట మరింతగా వర్తిస్తుంది. తెల్లవారుజామున చెట్టు నుండి దించిన తియ్యని రసం, జాగ్రత్త లేకపోతే, మధ్యాహ్నానికి నురుగు కక్కే కల్లవుతుంది. మరునాటికి నోట పెట్టలేని పులుపు ఎక్కుతుంది.

మనం తెలుగులో నీరా అనే దానిని తమిళులు పదనీరు అంటారు. సరిహద్దు దాటితే పేరుతో పాటు చట్టం కూడా మారుతుంది. తమిళనాడులో 1987 జనవరి నుండి కల్లుపై నిషేధం ఉన్నది. సున్నం కలిపి పులియకుండా ఉంచిన పదనీరు మాత్రం ఆ నిషేధంలోకి రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనుమతి పొందిన గీత కార్మికులు కల్లు గీయవచ్చును. కావున లొట్టి పులియటమంటే రుచి చెడటం మాత్రమే కాదు. చెట్టెక్కినవాని శ్రమ, బెల్లం మీది రాబడి, కొన్నిచోట్ల చట్టపు రక్షణ కూడా దానితో పోతాయి.

పులుపునకు మూలం

తాటి రసంలో నూటికి పది పాళ్ళకు అటూ ఇటూగా చక్కెర ఉంటుంది. గెలను చెక్కిన చోటు, కత్తి, గాలి, ఈగలు, లొట్టి గోడలు, వీటన్నిటి నుండి కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులో చేరుతాయి. వీటిలో మూడు తెగలు ముఖ్యమైనవి. ఈస్టు చక్కెరను మద్యసారంగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. నురుగుకు కారణం ఆ వాయువే. పాలను పెరుగు చేసే జాతికి చెందిన బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. మూడవ తెగ గాలి సహాయంతో మద్యసారాన్ని వినెగర్‌గా మారుస్తుంది.

బీరు కాచేవారికీ ఇదే బెడద. 1856లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో, బీటుదుంప రసం నుండి మద్యసారం తీసే ఒక కర్మాగారంలో కొన్ని తొట్లు పుల్లబడుతుండగా లూయీ పాశ్చర్ సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. మంచి తొట్లలో గుండ్రని ఈస్టు కణాలు, చెడిన తొట్లలో పుల్లల వంటి జీవులు కనిపించాయి. 1876లో ఆయన బీరు చెడటానికి గల కారణాలపై ఒక గ్రంథమే ప్రకటించాడు. పరాయి జీవులను పాత్రలోనికి రానీయకుండుటే అందులోని సారాంశం. మన లొట్టికీ అదే సూత్రం.

పాటించవలసిన పద్ధతులు

మొదటిది పాత్ర శుభ్రత. కల్లు దించిన పాత లొట్టిని నీరాకు వాడరాదు. మట్టిపాత్ర రంధ్రాలలో దాగిన ఈస్టు కడిగినా పూర్తిగా పోదు. నీరా లొట్టిని ప్రతిదినం కుంచెతో తోమి, మరిగే నీటితో కడిగి, ఎండలో బోర్లించి ఆరబెట్టవలెను. గీత కత్తిని, వడకట్టే గుడ్డను కూడా ఇట్లే శుభ్రపరచవలెను.

రెండవది సున్నం. లొట్టి లోపలి గోడకు తడి సున్నం పూయటం పూర్వులు కనుగొన్న గొప్ప ఉపాయం. సున్నపు క్షారంలో ఈ జీవులు పెరగలేవు. సున్నం తగినంత ఉన్నదో లేదో ఇంట్లోనే తెలిసికొనవచ్చును. తెల్లగుడ్డకు పసుపు రాసి ఆరబెట్టి, దానిపై ఒక చుక్క రసం వేయండి. ఎర్రబారితే సున్నం చాలినట్లు. పసుపుగానే ఉంటే సున్నం చాలలేదు, పులియటం ఆరంభమై ఉండవచ్చు. త్రాగే ముందు, బెల్లం కాచే ముందు రసాన్ని కదపకుండా ఉంచి, అడుగున సున్నం పేరుకున్న పిదప పైతేటను వంచుకోవలెను. సున్నం కంటిలో పడితే ప్రమాదం, పిల్లలకు అందనీయకండి. సున్నం కలిసిన రసాన్ని అల్యూమినియం పాత్రలో నిలువ ఉంచకండి.

మూడవది వేళ. ఎండ ముదరక ముందే లొట్టి దించవలెను. నిన్నటి రసాన్ని నేటి రసంలో కలుపరాదు. పెరుగు తోడు వేసినట్లే అవుతుంది. చల్లదనం పులుపును ఆలస్యం చేస్తుంది. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధనా సంస్థ కొబ్బరి రసాన్ని మంచుపెట్టెలో సేకరించే పద్ధతిని రూపొందించినది ఇందుకే.

నాలుగవది మూత. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు నాకిన పచ్చి ఈతరసం త్రాగినవారికి నిపా వైరస్ సోకినట్లు 2000 తరువాతి దశకంలో పరిశోధకులు నిర్ధారించారు. అక్కడ గీసిన చోటును, కుండను కప్పుతూ వెదురు తడికె కట్టమని ప్రజలకు బోధిస్తున్నారు. మన ఈతచెట్లకూ, తాటిచెట్లకూ ఈ జాగ్రత్త మంచిదే. సున్నం ఉన్నదిగదా అని మూత మానరాదు.

పులిసిపోతే ఏమి చేయవలెను?

పులిసిన రసాన్ని మరిగిస్తే జీవులు చస్తాయి గాని పులుపు పోదు. పైగా పులుపు వలన చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతుంది. అటువంటి రసాన్ని ఎంత కాచినా పాకం జిగురుగా సాగుతుందే తప్ప అచ్చులో గట్టిపడదు, కట్టెలు దండుగ. దానికి మరికొంత సున్నం కలిపి మంచి రసంలో పోయటం మరింత నష్టం, ఉన్నది కూడా చెడుతుంది. నురుగు వచ్చిన రసాన్ని పిల్లలకు నీరా పేరుతో ఇవ్వరాదు. సీసాలో పోసి బిగుతుగా మూత పెట్టినచో వాయువు పెరిగి సీసా పగులవచ్చును.

అమ్మదలచినవారు, లొట్టితో సరిహద్దు దాటేవారు తమ ప్రాంతపు అబ్కారీ కార్యాలయంలో నిబంధనలు ముందుగా విచారించుకొనుట మేలు. పసుపుగుడ్డ పరీక్షను ఇంటిలోని బడిపిల్లలకు అప్పగించండి. ఆమ్లమూ క్షారమూ అనే పాఠం వారికి చక్కగా బోధపడుతుంది, మీ లొట్టికీ నిత్యం కాపలా ఉంటుంది.