ఇంట్లో పులి

ఛత్తీస్‌గఢ్‌లోని బచేలిలో కరాటే నేర్చుకునే పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఎంతమంది ప్రత్యర్థులు దొరుకుతారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజం కోసం గనుల సంస్థ ఎన్‌ఎండీసీ కట్టిన టౌన్‌షిప్ చుట్టూ పెరిగిన ఊరది. క్లాసులో ముప్పై మంది ఉన్నారనుకున్నా, ఎత్తుకీ బరువుకీ బెల్టుకీ తనతో సరితూగేవాళ్ళు నలుగురో ఐదుగురో. బళ్ళోనూ వాళ్ళే, క్వార్టర్ల వీధిలోనూ వాళ్ళే. జగదల్‌పూర్ వెళ్ళి కొత్తవాళ్ళతో తలపడదామంటే దారి వంద కిలోమీటర్ల పైమాట. మూడేళ్ళు ఆ నలుగురితోనే స్పారింగ్ చేస్తాడు, వాళ్ళ మీద గెలుస్తాడు. తీరా విశాఖ టోర్నమెంటులో మొదటి రౌండ్లోనే ఇంటిదారి పడతాడు. భయపడ్డాడని ఇంట్లోవాళ్ళంటారు. ప్రాక్టీసు చాల్లేదని మాస్టారంటారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఇరుగుపొరుగు నవ్వుతారు. ధైర్యానికి, కష్టానికి లోటు లేకపోయినా ఇలా జరుగుతుంది. లోటల్లా ముక్కూ మొహం తెలియని ప్రత్యర్థులకే.

ఎందుకో తెలియాలంటే ఒక్క దెబ్బను దగ్గరగా చూడాలి. కంటికి ఏదైనా కనబడ్డాక ఒళ్ళు కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. దగ్గర నుంచి వచ్చే మంచి పంచ్‌కు అంత సమయం కూడా అక్కర్లేదు. అంటే పిడికిలిని చూసి తప్పుకోవడం అనేదే లేదు. తప్పుకునేవాడు చూసేది పిడికిలి బయల్దేరక ముందటి సంగతుల్ని. భుజం ఓ వేలెడు కిందికి దిగుతుంది, నడుము తిరుగుతుంది, బరువు వెనక కాలి మీంచి ముందుకు జారుతుంది. రోజూ తలపడే స్నేహితుడు కుడిచేతి గుద్దుకు ముందు మడమ కాస్త ఎత్తుతాడు. మన కుర్రాడికి ఆ మడమ తెలుసు. అది లేచిందో లేదో, ఇతను అడుగు వెనక్కి వేసేస్తాడు. చూసినవాళ్ళు ఎంత చురుకో అనుకుంటారు, తనూ అనుకుంటాడు. నిజానికి అందులో సగం చురుకు, సగం ఆ స్నేహితుణ్ణి కంఠస్థం చేసిన ఫలం. విశాఖలో ఎదురైనవాడు మడమ ఎత్తడు.

ఎడమచేతి వాటం సంగతి దీనికి మంచి సాక్ష్యం. జనంలో పదిమందికి ఒకరు ఎడమచేతివాళ్ళయితే, ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో వాళ్ళ వాటా అంతకు మించి ఉంటుంది, గెలుపు శాతమూ కాస్త ఎక్కువే. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో వేలమంది ఫైటర్ల రికార్డులు తీసి ఇది తేల్చారు. ఎడమచేతిలో ఏ మహత్తూ లేదు. వాళ్ళు అరుదు కాబట్టి కుడిచేతివాడికి అలవాటు కారు. కుడిచేతివాడు మాత్రం వాళ్ళకు రోజూ దొరుకుతాడు. ఇద్దరూ ముందు పెట్టిన కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడతాయి, దెబ్బలు ఎప్పుడూ రాని పక్కనుంచి వస్తాయి. అరుదుగా ఉండటమే ఆయుధమైపోయింది. పూర్తిగా కొత్తవాడు తెల్ల బెల్టువాడైనా ఇబ్బంది పెట్టేది ఇందుకే. గుద్దబోయినట్టు నటిస్తే ఆ గుద్దు సంగతి తెలిసినవాడే ఉలిక్కిపడతాడు. తెలియనివాడు కదలకుండా నిలబడి, మనం అనుకోని చోట కాలు విసురుతాడు.

సాధన క్రమం మీద జరిగిన ప్రయోగాలు కూడా ఇటే మొగ్గుతాయి. 1994లో అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ బ్యాటర్లకు ఆరు వారాల పాటు మూడు రకాల బంతులు వేశారు. ఒక జట్టుకు ఒక్కో రకాన్నీ వరసగా, ఇంకో జట్టుకు కలగాపులగంగా. చివర్లో ఏ బంతి వస్తుందో చెప్పకుండా పరీక్షిస్తే కలగాపులగం జట్టు 57 శాతం మెరుగైంది, వరస జట్టు 25 శాతం దగ్గర ఆగింది. అంతకు పదిహేనేళ్ళ ముందు, 1979లో, షే, మోర్గాన్ చేతి కదలికలతో చేసిన ప్రయోగంలో మరో తిరకాసు బయటపడింది. సాధన జరుగుతున్నంతసేపూ వరసగా చేసినవాళ్ళే బాగా చేస్తున్నట్టు కనబడ్డారు. తర్వాత గుర్తుంచుకున్నది మాత్రం కలగాపులగంగా చేసినవాళ్ళు. బచేలి కుర్రాడు క్లాసులో మెరిసిపోవడమే అతను నేర్చుకుంటున్నాడనడానికి రుజువు కాదన్నమాట. బేస్‌బాల్ వేరు, పోరు వేరు, నిజమే. కానీ రెండింట్లోనూ ఏమొస్తుందో తెలియకుండానే కదలాలి.

కొత్తవాళ్ళతో తలపడాలనడానికి గట్టి అభ్యంతరం గాయాలది. తెలియనివాడితో తలపడితే దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో చెప్పలేం, పిల్లల తలలు ఆటవస్తువులు కావు. ఈ మాట కొట్టిపారేసేది కాదు. షోటోకాన్ కరాటే గురువు ఫునాకోషికి స్వేచ్ఛా పోరు అంటే పెద్దగా గిట్టేది కాదు. ఆ సంప్రదాయంలో యకుసోకు కుమితేకు, అంటే ఎవరు ఎక్కడ కొడతారో ముందే ఒప్పుకుని చేసే పోరుకు, పెద్దపీట ఉంది. కానీ అదే జపాన్‌లో 1882లో జూడో మొదలుపెట్టిన జిగోరో కానో ఈ చిక్కుముడిని ఇంకోవైపు నుంచి విప్పాడు. మరీ ప్రమాదకరమైన వాటిని పక్కన పెట్టి, మిగిలిన వాటితో ఎవరేం చేస్తారో తెలియని రందోరి అనే పోరును రోజువారీ సాధనగా మార్చాడు. ప్రమాదాన్ని కుదించి ఆశ్చర్యాన్ని ఉంచాడు. చాలా క్లాసుల్లో జరిగేది దీనికి తలకిందులు. తెలిసిన ఇద్దరు, తెలిసిన దెబ్బలనే, పౌరుషం కొద్దీ గట్టిగా కొట్టుకుంటారు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. నిన్ను ఎరిగినవాడే నిన్ను మారేలా చేస్తాడు, నీ పాత ఎత్తు అతని దగ్గర పారదు కనుక కొత్తది వెతుకుతావు అని. నిజం, కొంతవరకు. కానీ ఆ నలుగురూ ఒకరి ఎత్తుకు ఒకరు పైఎత్తు వేసుకుంటూ పోతే కొన్నాళ్ళకు వాళ్ళది వాళ్ళకే అర్థమయ్యే భాష అవుతుంది. వీడియోలు చూసి ప్రత్యర్థిని చదవొచ్చు కదా అంటే, వీడియోలో బొమ్మ దొరుకుతుంది గానీ దూరం దొరకదు, అదును దొరకదు. ముందే తెలుసుకోవాలన్న ఆశ మనకు కొత్తది కాదు. డేగ, కాకి, నెమలి అని పుంజు రంగు చూసి ఏ రోజు ఏది గెలుస్తుందో చెప్పడానికి మనవాళ్ళు ఏకంగా కుక్కుట శాస్త్రమే రాసుకున్నారు. బరిలోకి దిగిన పుంజు ఆ శాస్త్రం చదవదు. ఒంటరి సాధన సంగతీ అంతే. బస్తర్ నారాయణ్‌పూర్ పిల్లలకు ఇవాళ పేరు తెస్తున్న, స్తంభం మీద చేసే మల్లఖంబ్ కూడా మల్లుల సాధనకు తోడుగా పెరిగినదే. స్తంభం ఒంటికి బలాన్నీ బిగువునూ ఇస్తుంది, తప్పుకోవడం మాత్రం దానికి చేతకాదు.

చిన్న ఊరు అడ్డంకే గాని శాపం కాదు. నిఖత్ జరీన్ నిజామాబాద్‌లో బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు తలపడటానికి ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే స్పారింగ్ చేసింది. ఎత్తూ బలమూ తనతో పొంతన లేనివాళ్ళు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. మగపిల్లలతో తలపడటం వల్లే అయిందంటే అతిశయోక్తి. సరిజోడు దొరకలేదని ఆగిపోలేదన్నంతవరకు చెప్పొచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమెకు సీడింగ్ లేదు. రెండో పోరులోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వు యు ఎదురై 0-5తో ఓడించింది. ఎంత అనుభవమున్నా రింగులో ఎదురయ్యే కొత్త లయకు పూచీ ఇచ్చే సాధన లేదు.

బచేలిలో కొత్తదనాన్ని తయారుచేసుకోవడానికి ఖర్చు పెద్దగా లేదు. వారానికో రోజు అందరూ కాళ్ళు మార్చి ఎడమచేతివాళ్ళలా నిలబడవచ్చు. ఒకరికి చేతులు మాత్రమే, ఎదుటివాడికి కాళ్ళు మాత్రమే అని నియమం పెట్టవచ్చు. నిమిషానికోసారి జత మార్చవచ్చు, దెబ్బ మాత్రం తాకీ తాకనట్టు. తెలుగు, ఒడియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాలున్న ఊరు, గనికి కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్ జవాన్లూ రకరకాల రాష్ట్రాలవాళ్ళు. వాళ్ళలో కుస్తీ, జూడో, బాక్సింగ్ చేసినవాళ్ళెవరో అడిగితే కదా తెలిసేది. ఇక టోర్నమెంటు సంగతి. మొదటి రౌండ్లో ఓడినవాడికి దొరికిన కొత్త ప్రత్యర్థి ఒక్కడే, అదీ రెండు మూడు నిమిషాలు. అతనిలాగే ఓడి, బ్యాగు సర్దుకుని మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఆ హాల్లో సగం మంది ఉంటారు. అందరూ వేరే ఊళ్ళవాళ్ళు, అందరి దగ్గరా గ్లోవ్స్ ఉన్నాయి. ఇంటికి పోయే కిరందుల్ రైలు రాత్రికి గానీ లేదు, మధ్యాహ్నమంతా ఖాళీయే.