ఇంట్లో ఇంటర్‌నెట్ ఆగిపోతే...

(రేడియో ప్రసంగ పాఠం)

పొద్దున తొమ్మిదయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మావారు ముందుగదిలో కంప్యూటరు తెరిచి ఆఫీసు పని మొదలుపెట్టారు. అమ్మాయి లోపలిగదిలో తలుపు వేసుకుని పాఠం వింటోంది. ఇంతలో రెండు గదుల్లోంచీ ఒకేసారి కేకలు: "అమ్మా, నెట్ పోయింది!", "ఏమోయ్, నెట్‌కేమయింది?" నెట్ ఏదో మనం కొంగున ముడేసుకున్నట్లు అడిగేది మాత్రం మననే! ఇల్లు చిమ్ముతూ ఏ వైరునో కదిపి ఉంటామన్న నింద కూడా మనకే.

ఇది మగవాళ్ల వ్యవహారమనీ, చదువుకున్న పిల్లల వ్యవహారమనీ మనం దూరంగా ఉండనక్కర్లేదు. కుక్కరు కూత వేయకపోతే ఏం చేస్తాం? గ్యాసు ఉందా, నీళ్లు పోశామా, రబ్బరు సరిగా పట్టిందా, వెయిటు కింద రంధ్రంలో మెతుకేమైనా అడ్డుపడిందా అని వరసగా చూసుకుంటాం గాని, వెంటనే కుక్కరు పట్టుకుని బజారుకు పరుగెత్తం కదా! నెట్ సంగతీ అంతే. కావలసింది పెద్ద చదువు కాదు, వరస.

మా పుట్టిల్లు కారంచేడు. చీరాలకు దగ్గర, ఇప్పుడు బాపట్ల జిల్లా. నా చిన్నతనంలో ఊరి నుంచి దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే ట్రంకు కాల్ చెప్పి గంటలకొద్దీ కాచుకునేవాళ్లం. అలాంటి పల్లెల్లోకి ఇప్పుడు గాజు తీగ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ 2017 డిసెంబరు 27న ప్రారంభించారు. నెలకు 149 రూపాయలతో మొదలైన ఆ పథకంలో చాలా భాగం తీగ కరెంటు స్తంభాల మీదుగానే వేశారు.

కిందటి సంక్రాంతికి ముందు ఒక రాత్రి మా మరదలు ఊరి నుంచి ఫోను చేసింది.

"వదినగారూ, రేపు పదింటికి అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ. కంప్యూటర్లోనే మాట్లాడాలట. మధ్యాహ్నం నుంచీ నెట్ లేదు. కేబులబ్బాయి ఫోను ఎత్తడం లేదు. అది ఏడుస్తూ కూర్చుంది."

"కంగారుపడకమ్మా. ముందు ఆ వైఫై బాక్సు మీద ఏయే దీపాలు వెలుగుతున్నాయో చూసి చెప్పు."

"ఒకటి పచ్చగా ఉందండీ. ఇంకోటి ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది."

"ఇవాళ ఇంట్లో ఏమైనా సర్దారా?"

"పండక్కి సున్నాలు వేయించాం కదండీ. మధ్యాహ్నమే బీరువా మళ్లీ గోడవారకు జరిపాం."

సంగతి తెలిసిపోయింది. బీరువా ముందుకు లాగి చూస్తే, బాక్సుకు వెళ్లే సన్నని తీగ గోడకూ బీరువాకూ మధ్య చీర కుచ్చిళ్లలాగా మడతపడి ఉంది. మడత విప్పి వదులుగా వేలాడదీశారు. కాసేపటికి ఎర్రదీపం ఆరిపోయింది. మర్నాడు ఇంటర్వ్యూ నిక్షేపంలా జరిగింది. మడత గట్టిగా పడి తీగ లోపల విరిగి ఉంటే మాత్రం మనిషి రావలసిందే. అదృష్టవశాత్తూ అది విరగలేదు.

తీగ మడతపడితే నెట్ ఎందుకు పోతుందంటారా? ఆ తీగ లోపల ఉన్నది రాగి కాదు, వెంట్రుకంత సన్నని గాజు. దాంట్లో ప్రవహించేది కరెంటు కాదు, వెలుగు. గాజు తీగలో వెలుగును ఎంతో దూరం పంపవచ్చని 1966లో చార్లెస్ కావో అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆయనకు 2009లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వెలుగు ఆ గాజు గోడలకు తగిలి తిరిగి లోపలికే మళ్లుతూ ముందుకు సాగుతుంది. బాగా వంచేస్తే మలుపు దగ్గర బయటికి జారిపోతుంది. అందుకని ఆ తీగను మేకుకు చుట్టడం, తలుపు సందులో నలగనివ్వడం, దాని మీద గుడ్డలారేయడం చేయకూడదు. ఊడిన తీగ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదు. ఆ వెలుగు మనకు కనిపించదు గాని, కంటికి మంచిది కాదు.

ఇప్పుడు వరస చెబుతాను.

మొదటిది: నెట్ ఒక్క ఫోనులోనే పోయిందా, ఇంట్లో అన్నిటిలోనూ పోయిందా? ఒక్కదానిలోనే అయితే దోషం ఆ ఫోనుదే. వైఫై ఆపి మళ్లీ పెట్టండి. ఫ్లైట్ మోడ్‌లో పడిందేమో చూడండి. అన్నిటిలోనూ పోతే బాక్సు దగ్గరకు పదండి.

రెండోది: బాక్సుకు కరెంటు వస్తోందా? ఒక్క దీపమూ లేకపోతే స్విచ్చు, ప్లగ్గు, అడాప్టరు చూడండి. మిక్సీ కోసమో ఇస్త్రీ పెట్టె కోసమో ఆ ప్లగ్గు మనమే పీకి మరిచిపోయి ఉంటాం. చంకలో పిల్లిని పెట్టుకుని ఊరంతా వెతికినట్లు, కేబులాయనకు నాలుగుసార్లు ఫోను చేశాక ఈ సంగతి బయటపడితే నవ్వులపాలు!

మూడోది: దీపాల భాష. 'ఎల్ ఓ ఎస్' అని రాసి ఉన్న దీపం మామూలుగా వెలగదు. అది ఎర్రగా వెలిగితే బయటి నుంచి వెలుగు మన బాక్సుకు అందడం లేదన్నమాట. తీగ మడతపడైనా ఉండాలి, ఊడైనా ఉండాలి, వీధిలో తెగైనా ఉండాలి. 'పాన్' దీపం పచ్చగా నిలకడగా ఉండాలి. అది అదేపనిగా కొట్టుకుంటూంటే బాక్సుకూ అవతలి ఆఫీసుకూ ఇంకా మాట కలవలేదని అర్థం. దీపాలన్నీ సవ్యంగా ఉండీ నెట్ రాకపోతే నెల డబ్బు గడువు దాటిందేమో చూసుకోండి.

నాలుగోది: స్విచ్చు ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయండి. దీపాలు కుదురుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఈలోపల మళ్లీ మళ్లీ ఆపకండి. అయితే బాక్సు వెనక చిన్న రంధ్రం ఉంటుంది. పిన్నీసు పెట్టి దాన్ని నొక్కమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అది బాక్సులో రాసి ఉంచిన పేరూ, పాస్‌వర్డూ, సమస్తం తుడిచేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్లవుతుంది.

అసలు పోకుండా, నత్తనడక నడుస్తోందా? బాక్సు దగ్గర నిలబడి చూడండి. అక్కడ బాగుండి పడకగదిలో రాకపోతే లోపం బాక్సు పెట్టిన చోటులో ఉంది. దాన్ని టీవీ వెనకా, అలమారాలోనూ దాచకుండా, ఇంటి మధ్యలో కాస్త ఎత్తున పెట్టండి. ఇనప బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టి వైఫైకి అడ్డుగోడలే. మైక్రోవేవ్ ఓవెన్ తరంగమూ, 2.4 అనే వైఫై తరంగమూ ఇంచుమించు ఒకటే. అందుకని అది తిరిగినంతసేపూ నెట్ తడబడవచ్చు. బాక్సులో 5 అనే తరంగం కూడా ఉంటే, దగ్గర ఉన్నవాళ్లు దాన్ని వాడుకోండి. అది వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ.

ఇవన్నీ అయ్యాకే ఫోను చేయండి. "మా నెట్ రావడం లేదు" అని ఊరుకోకండి. "రెండు గంటల నుంచి ఎర్రదీపం వెలుగుతోంది. ఆపి వేసి చూశాం. తీగ ఇంట్లో బాగానే ఉంది" అని చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. అలా చెప్పే ఇల్లాలికి "ఓసారి ఆపి వేయండమ్మా" అన్న జవాబు రాదు.

మన చేతిలో లేనివీ ఉంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు స్తంభం కూలితే కరెంటుతోపాటు దాని మీద ఉన్న తీగా పోతుంది. ఉరుములు మొదలుకాగానే బాక్సు ప్లగ్గు తీసేయండి. గాజు పిడుగును మోయదు గాని, కరెంటు వైరు మోస్తుంది. ఫోనులో కొంత డబ్బు వేసి ఉంచుకుంటే, అవసరానికి దాని నెట్‌నే కంప్యూటరుకు ఇచ్చుకోవచ్చు.

ఇంకొక్క మాట. "మీ నెట్ ఆగిపోతుంది, మేం చెప్పిన యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. నెట్ బాగుచేయడానికి ఓటీపీతో పనిలేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పండి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కనెక్షను నంబరూ, కేబులాయన ఫోను నంబరూ, ఈ నాలుగు మెట్లూ ఒక కాగితం మీద రాసి బాక్సు పక్కనే అంటించండి. ఈసారి రెండు గదుల్లోంచి కేక వినిపిస్తే, పొయ్యి కాస్త తగ్గించి, వెళ్లి ఎర్రదీపం చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.