నడకకు ముందొక మాట

చిత్తభ్రమ తొలిసారి కమ్మిన యువకుని గూర్చి ఇంటివారికి మొదట భయము గొల్పునవి అతని మాటలు. చెవిలో ఎవరో పలుకుచున్నారనుట, ఇరుగుపొరుగువారు కుట్ర పన్నుచున్నారనుట మందులతో కొన్ని వారములకు సద్దుమణుగవచ్చును. ఆ పిమ్మట అతడు మంచము దిగడు. గోడవైపు తిరిగి పడుకొనును. తండ్రికది సోమరితనముగ తోచును. "లేచి నాలుగడుగులు వేయరాదటరా?" అని ప్రొద్దస్తమానము చెప్పినదే చెప్పును.

అది సోమరితనము కాదు. పూనిక సన్నగిల్లుట ఈ వ్యాధి లక్షణములలో నొకటి; దానిపై మందుల మత్తు. 1952లో పారిసు నగరమున డిలే, డెనికరు అను వైద్యులు క్లోర్‌ప్రోమజీనును ప్రయోగించిన నాటినుండి ఇట్టి ఔషధములు ఎందరినో ఆసుపత్రి గోడలు దాటించినవి. వానిని రోగి తనంతట మానరాదు. కాని పిదప వచ్చినవానిలో కొన్ని, ముఖ్యముగ ఒలాంజపీన్, క్లోజపీన్, ఆకలిని హెచ్చించి దేహమును త్వరలో స్థూలమొనర్చును. తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తులు ఇతరులకంటె 10 మొదలు 20 సంవత్సరములు ముందుగ మరణించుచున్నారు. అందు పెక్కు మరణములకు కారణము గుండెజబ్బు వంటి దేహవ్యాధులే.

సిడ్నీ నగరమున బోండై ప్రాంతపు చికిత్సాకేంద్రమువారు, బరువు పెరిగిన పిదప గాక, మందులు మొదలిడిన తొలి దినములలోనే పూనుకొనిరి. నర్సు, ఆహారనిపుణులు, వ్యాయామనిపుణులు, వారితో తోడుగ నడచు యువజనులు ఇందు పాల్గొనిరి. 2016లో ముద్రితమైన వారి నివేదిక ప్రకారము 12 వారములలో సాధారణ చికిత్స పొందినవారు సగటున 7.8 కిలోలు పెరుగగా, వీరు 1.8 కిలోలే పెరిగిరి. పరిశీలితులు ముప్పదిమందికంటె తక్కువ. చీట్లు వేసి విభజించినవారును కారు. ఐనను ఆరు కిలోల యంతరము త్రోసిపుచ్చదగినది కాదు.

మంచము దిగనివానిని వ్యాయామశాలకు రప్పించుటెట్లు? 1983లో అమెరికను మనస్తత్త్వవేత్త విలియం మిల్లరు, త్రాగుడుకు లోనైనవారి కొరకు ఒక సంభాషణరీతిని ప్రతిపాదించెను. తరువాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలసి దానిని విస్తరించెను. ఇచట అక్కరకు వచ్చునది ఆ రీతియే. ఇందు సలహాదారు బోధింపడు, అడుగును.

"నడవడం మీకెంత ముఖ్యం? సున్న నుంచి పది వరకు ఒక అంకె చెప్పండి."

"మూడు" అనును యువకుడు.

"పది ఎందుకు కాదు?" అని అడిగినచో, మత్తు, నిద్ర, వీధిలో జనుల చూపులు అని నడువకుండుటకు కారణములను తానే పేర్చుకొనును. మన యిండ్లలో జరుగు వాదులాట యంతయు ఇదియే. నేర్పరియైన సలహాదారు "సున్న ఎందుకు కాదు?" అనును. యువకుడు కొంత తడవు ఊరకుండును. "పాత చొక్కాలు పట్టడం లేదండీ" అనవచ్చును. "ఇదివరకు వాలీబాల్ ఆడేవాణ్ణి" అనవచ్చును. ఆ కారణము అతనిది. తండ్రి యిచ్చినది కాదు.

తరువాతి ప్రశ్నలు చిన్నవి. ఏ వేళ? రాత్రి మాత్ర మత్తు ఉదయము వదలనివానికి సాయంకాలము మేలు. జనసమ్మర్దమునకు జంకువానికి తెల్లవారుజాము. ఎంత దూరము? వీధి చివరివరకు. ఎవరితో? ఇచట తండ్రికిని పని కలదు: ప్రక్కన నడచుట, అదియు మాటాడకుండ.

మూడవనాడు అతడు మరల మంచము దిగకపోవచ్చును. సలహాదారు ఆ దినమును గూర్చి నిలదీయడు. "మొన్న వీధి చివరిదాకా వెళ్లినప్పుడు ఎలా అనిపించింది?" అని అడిగి, సమాధానమునకై వేచియుండును.