పారిస్ వెళ్ళే అమ్మాయికి ఏ బ్యాగు?

మా పెద్దనాన్నగారి కూతురు వచ్చే డిసెంబరులో పది రోజులకి పారిస్ వెళ్తోంది. ఒక్కతే. హైకోర్టు పక్కనున్న మన పారీస్ కార్నర్ అనుకునేరు, ఇది ఈఫిల్ టవర్ ఉన్న పారిస్. రెండు నెలలుగా ఇంట్లో ఇదే మాట. స్వెట్టర్లు, పచ్చళ్ళు, ఇన్సూరెన్సు అన్నీ చర్చకొచ్చాయి. రోజంతా భుజాన వేసుకుని తిరిగే బ్యాగు గురించి మాత్రం "ఏదో ఒకటి ఉందిలే" అనేశారు. ఆ పని నేను తీసుకున్నా. చదివీ, అడిగీ తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా. మన క్లాసులోనే పై చదువులకి బయటి దేశం వెళ్ళాలని చూస్తున్నవాళ్ళు నలుగురైనా ఉన్నారు కదా.

పారిస్‌లో ముందుగా జాగ్రత్తపడాల్సింది జేబుదొంగల దగ్గర. ఇది ఉత్త పుకారు కాదు. 2013 ఏప్రిల్‌లో లూవ్ర్ మ్యూజియం ఉద్యోగులు జేబుదొంగల బెడద భరించలేక పని ఆపేస్తే, ఆ రోజు మ్యూజియమే మూతపడింది. 2015 మే నెలలో ఈఫిల్ టవర్ దగ్గర కూడా ఇదే కారణంతో పని ఆగింది. వాళ్ళ పద్ధతులు వింటే మనకి మరీ కొత్తగా ఏం అనిపించవు. మెట్రో తలుపులు మూసుకునే క్షణంలో చేతిలో ఫోను లాక్కుని దిగిపోతారు. ఎస్కలేటర్ మీద ముందున్నవాడు హఠాత్తుగా ఆగుతాడు, వెనకున్నవాడు మన మీద పడ్డట్టు పడి జిప్పు లాగుతాడు. కొందరు అట్ట మీద కాగితం పెట్టుకుని ఏదో మంచి పనికి సంతకం చేయమని చుట్టుముడతారు. మనం ఆ కాగితం చదువుతుంటే దాని కింద నుంచి ఇంకో చెయ్యి బ్యాగులోకి వెళ్తుంది. దేనికీ బలం అక్కర్లేదు, మన దృష్టి ఒక్క క్షణం పక్కకి పోతే చాలు.

పోతే ఏమవుతుంది? డబ్బు సంగతి సరే. పాస్‌పోర్టు పోతే ముందు అక్కడి పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించాలి, ఆ కాగితం పట్టుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. వెంటనే ఇంటికి రావాలంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అని ఒకటి ఇస్తారు. అది ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే, ఒక్కసారే పనికొస్తుంది. పాస్‌పోర్టులో అంటించిన షెంగెన్ వీసా కూడా దాంతోపాటే పోతుంది. పది రోజుల ప్రయాణం మూడో రోజే ముగిసిపోవచ్చు.

ఇంకో నష్టం ఉంది, అది ఏ ఇన్సూరెన్సులోనూ రాయరు. అక్క వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకోవడానికే ఏడాది పట్టింది. బ్యాగు పోతే "ముందే చెప్పామా లేదా" అంటారు. ఆ మాట అక్క దగ్గర ఆగదు. రేపు అడగబోయే నా దాకా, ఎల్లుండి అడగబోయే మా చిన్నాన్న కూతురి దాకా వస్తుంది. మగపిల్లాడి పర్సు పోతే పర్సు పోయింది అంటారు. మనది పోతే పంపడమే తప్పు అంటారు. అందుకే నేను దీన్ని షాపింగ్ విషయంగా చూడట్లేదు.

అయితే దొంగ కొయ్యలేని బ్యాగు, తెరవలేని బ్యాగు అని వెతకడం మొదలుపెడితే దారి తప్పుతాం. వెతకాల్సింది అవసరమైతే వదిలేయగలిగే బ్యాగు. దాన్ని ఎవరైనా లాక్కుపోయినా ఆ రోజు పాడవ్వాలి గానీ ప్రయాణం పాడవ్వకూడదు. అంటే ముఖ్యమైనవి అసలు అందులో ఉండకూడదు. ఇది మన పెద్దవాళ్ళకి ఎప్పుడో తెలుసు. అమ్మ వైపు పాట్టి చీర మడతలో దోపుకునేదాన్ని సురుక్కుపై అంటుంది, నాన్న వైపు అవ్వ రొంటిన దోపుకునేదాన్ని తిత్తి అంటుంది. వస్తువు ఒకటే. మార్కెట్‌కి పెద్ద సంచి చేతిలో ఉన్నా డబ్బు మాత్రం ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఈ రోజుల్లో దాన్నే పల్చటి గుడ్డ బెల్టుగా చేసి మనీ బెల్ట్ అని అమ్ముతున్నారు.

ఫ్రాన్స్‌లో పోలీసులు అడిగితే విదేశీయులు తమ పత్రాలు చూపించాలి కాబట్టి పాస్‌పోర్టు దగ్గరుంచుకోవడమే మంచిది. ఉండాల్సింది బట్టల లోపల. మనీ బెల్ట్ కొనకపోయినా, కుర్తాలకి లోపలి వైపు జిప్పున్న జేబు కుట్టమని టైలర్‌ని అడిగితే సరిపోతుంది. మన బట్టలకి జేబులు ఎందుకు పెట్టరో, పెట్టినా రెండు వేళ్ళు కూడా పట్టకుండా ఎందుకు పెడతారో అనేది ఇంకో వ్యాసం.

ఇప్పుడు బ్యాగు. వీపున వేసుకునేది వద్దనే అంటాను. సౌకర్యమే, బరువు రెండు భుజాల మీదా పడుతుంది, కానీ జిప్పు మన కంటికి కనిపించదు. రద్దీలో ముందుకి తిప్పి వేసుకోవాలి, రోజుకి ఇరవైసార్లు అది గుర్తుండాలి. ఒక భుజాన వేలాడే హ్యాండ్‌బ్యాగు ఇంకా నయం కాదు. మెడ మీదుగా అడ్డంగా వేసుకుని పొట్ట ముందుకి తెచ్చుకునే చిన్న బ్యాగే మేలు. పట్టీ వెడల్పుగా ఉండాలి, పొడవు తగ్గించుకునే వీలుండాలి, బ్యాగు తుంటి మీద ఊగకుండా నడుము పైనే నిలవాలి. డిసెంబరులో అక్కడ చలి కాబట్టి ఇంకో సులువుంది. కోటు లోపల బ్యాగు, పైన కోటు గుండీలు.

ఎంత పెద్దది? అర లీటరు నీళ్ళ సీసా, మడిచే గొడుగు, స్కార్ఫు, శానిటరీ ప్యాడ్లు, చిన్న టిఫిన్ డబ్బా పడితే చాలు. పెద్దది కొంటే నింపేస్తాం, అది మన స్వభావం. లూవ్ర్‌లోకి 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 20 మందం దాటిన బ్యాగుల్ని రానివ్వరు. మనది అందులో సగం కూడా ఉండదు. ద్వారం దగ్గర తెరిచి చూపించమంటారు కాబట్టి పది అరలున్నదానికంటే రెండు మూడు అరలున్నదే హాయి.

నోరు జిప్పుతో మూసుకోవాలి. అయస్కాంతం బటన్, ఉత్త తాడు ముడి పనికిరావు. జిప్పుకి బుల్లి తాళం వేస్తే భద్రమని అనుకుంటాం గానీ, ప్లాస్టిక్ జిప్పు పళ్ళ మధ్య బాల్‌పెన్ మొన గుచ్చితే తాళం అలాగే ఉండగా జిప్పు విచ్చుకుంటుంది. కానీ నడిచే మనిషి బ్యాగు మీద దొంగకి అంత తీరిక ఉండదు, వాడికి దొరికేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలు ఆపడానికి పిన్నీసు చాలు. జిప్పు కొక్కేన్ని పట్టీ రింగుకి కలిపి ఒక పిన్నీసు గుచ్చితే చేత్తో లాగినా రాదు. పిన్నీసు లేని ఆడపిల్ల బ్యాగు మన కాలేజీలో ఉందా?

గుడ్డ లోపల ఉక్కు తీగల వల, పట్టీలో తీగ ఉన్న ఖరీదైన బ్యాగులూ దొరుకుతాయి. కోసి పట్టుకుపోవడాన్ని అవి ఆపుతాయి, నిజమే. కానీ పట్టీ తెగకపోవడం ఎప్పుడూ మంచిది కాదు. ఇటలీ ఊళ్ళలో, కౌలాలంపూర్‌లో స్కూటర్ మీద వచ్చి లాక్కుపోయేవాళ్ళున్నారు. గొలుసు దొంగల గురించి మన చెన్నైలో చెప్పక్కర్లేదు. పట్టీ తెగకపోతే మనమే రోడ్డు మీద ఈడ్చుకుపోతాం. అందుకని బ్యాగు గోడ వైపు ఉండేలా నడవాలి, లాగితే వదిలేయాలి. పాస్‌పోర్టు లోపలి జేబులో ఉన్నవాళ్ళే అలా వదలగలరు.

ఇక ఆర్‌ఎఫ్‌ఐడి అడ్డుకునే బ్యాగు అంటూ ధర పెంచి అమ్మేవి. కార్డు తాకించి చెల్లించే పద్ధతి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. అంత భయమైతే బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యాన్నే ఆపేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, తాకించి చెల్లించడం, ఇవన్నీ విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలు ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2020లో నిబంధన తెచ్చింది. ఆ నిబంధన వల్లే కొత్త కార్డు విదేశంలో దానంతటది పనిచేయదు. బయల్దేరే ముందే ఆన్ చేసుకోవాలి.

ఫోను మాత్రం నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. మ్యాపు కోసం అది చేతిలోనే ఉంటుంది. పోతే ఓటీపీ రాదు, ఓటీపీ లేకపోతే చాలా పనులు ఆగిపోతాయి. కాబట్టి ఫోను, కార్డు ఒకే అరలో వద్దు. రెండో కార్డు, కొంచెం నగదు, పాస్‌పోర్టు జిరాక్స్, ఇంటి నంబర్లు కాగితం మీద రాసి బస చేసే గదిలో ఉంచాలి. మెట్రోలో తలుపు పక్కన నిలబడి ఫోను చూడకూడదు. హోటల్లో కూర్చున్నప్పుడు బ్యాగుని కుర్చీ వెనక తగిలించకుండా ఒళ్ళో పెట్టుకోవాలి, లేదా పట్టీలోకి ఒక కాలు దూర్చి కింద పెట్టుకోవాలి.

బ్యాగు కొన్నాక విమానం ఎక్కేదాకా అలమారలో దాచకండి. అక్కకి నేను చెప్పింది ఇదే: అన్నీ సర్దుకుని ఒక ఆదివారం సాయంత్రం టి.నగర్ రంగనాథన్ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడువు, సోమవారం పొద్దున 29సి బస్సెక్కు. భుజం నొప్పెడుతోందా, పిన్నీసు తీయకుండా టికెట్ డబ్బులు అందుతున్నాయా, జనం తోసినప్పుడు బ్యాగు వెనక్కి జారుతోందా, అన్నీ ఆ రెండు చోట్లే తెలిసిపోతాయి. జారితే పట్టీ రెండు అంగుళాలు తగ్గించుకోవాలి.