నాలుగు తెరలు, ఒకటే ఫోటో: జూమ్ చేస్తే నడిమధ్యది ఎక్కడికి పోయింది?

పిల్లలూ, ఇది ముఖ్యంగా మీకోసం.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను టీవీ వార్తల్లో చూసే ఉంటారు. గోడంత తెర! ఇలాంటి గోడలను మామూలుగా చిన్న తెరలు పక్కపక్కన చేర్చి కడతారు. అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో 2012లో తయారైన 'రియాలిటీ డెక్'లో 416 తెరలున్నాయి. అన్నీ కలిపి 150 కోట్లకు పైగా పిక్సెళ్లు, అంటే రంగు చుక్కలు.

మనం నాలుగు మానిటర్లతోనే మొదలుపెడదాం. పైన రెండు, కింద రెండు. ఒక్కోటి అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. మొత్తం గోడ 3840 × 2160. దాని మీద మన కైవారం అమరనారాయణ స్వామి గుడి ఫోటో పెట్టాం అనుకోండి. సరిగ్గా నడిమధ్యన గుడి వాకిలి, దానికి కాస్త కుడిపక్క ఒక గంట. ఎడమ అంచు నుంచి ఆ గంట 2200వ పిక్సెల్ దగ్గర ఉంది. అంటే కుడి తెరలో 280వ చోట (2200 − 1920).

ఇప్పుడు రెండింతలు జూమ్ చేయాలి. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, ఏ తెర బొమ్మను ఆ తెర మధ్య నుంచే పెంచడం. కుడి తెర మధ్య 960. గంట దానికి 680 ఎడమగా ఉంది. రెండింతలైతే 1360 ఎడమగా పోవాలి. 960 నుంచి 1360 తీసేస్తే −400. అంటే తెర బయటికి వెళ్లిపోయింది! ఎడమ తెరలోనూ రాదు, ఎందుకంటే ఆ ముక్క దాని దగ్గర లేదు. నాలుగు తెరల్లోనూ ఇదే జరుగుతుంది కాబట్టి, మనం పెద్దగా చూడాలనుకున్న వాకిలే మాయమవుతుంది.

సరైన పద్ధతి: గోడంతటికీ ఒకటే మధ్యబిందువు.

కొత్త చోటు = మధ్య + (పాత చోటు − మధ్య) × ఎన్ని రెట్లు

1920 + (2200 − 1920) × 2 = 2480. అందులోంచి కుడి తెర మొదలయ్యే 1920 తీసేస్తే 560. గంట కుడి తెరలోనే భద్రంగా ఉంది. నిలువు లెక్క కూడా ఇంతే.

ఇంకో మాట. ఎడమ తెరలో 600వ చోటును పట్టుకొని రెండింతలు పెంచితే, 1400 దగ్గరున్న వస్తువు 2200కు జరిగి కుడి తెరలోకి వస్తుంది. అందుకే ప్రతి తెరకూ ఫోటో మొత్తం అందుబాటులో ఉండాలి, తన ముక్క ఒక్కటే చాలదు. అన్ని తెరలూ ఒకే క్షణంలో మారాలి కూడా. లేదంటే ఒక పక్క ముందు, ఒక పక్క వెనక పడి బొమ్మ చీలినట్టు కనిపిస్తుంది.

ఇక తెరల మధ్య నల్ల పట్టీ సంగతి. కిటికీ ఊచల వెనక ఏదో ఉన్నట్టు, పట్టీ వెనక కూడా బొమ్మ ఉందని లెక్కేస్తే గీతలు తిన్నగా వస్తాయి, కానీ అంత భాగం కనబడదు. ఫోటోకు ఇది బాగుంటుంది. అక్షరాలకు మాత్రం ప్రమాదం. కైవార తాతయ్యగారు తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు రాశారు కదా. అలాంటి పేజీ ఒకటి చూపిస్తే, రెండు భాషల్లోనూ ఒత్తులు అక్షరం కిందే వస్తాయి. అడ్డపట్టీ వెనక ఒత్తు దాగితే 'గడ్డి' కాస్తా 'గడి' అవుతుంది! కాబట్టి చదవాల్సిన పేజీ అయితే పట్టీని లెక్కలో కలపకండి, లేదా వరుస పట్టీ మీద పడకుండా బొమ్మను కాస్త జరపండి.

ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు. గళ్ల కాగితం మీద నాలుగు పెట్టెలు గీసి, మధ్యలో ఒక ఇల్లు వేసి, రెండు పద్ధతుల్లోనూ రెండింతలు పెంచి చూడండి. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుంటే ఇంకా సంతోషం. తేడా మీకే తెలిసిపోతుంది.