పాలు ఎందుకు విరుగుతాయి?

రోహిణీకార్తె వచ్చిందంటే రాజమహేంద్రవరంలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లో పొద్దున పోయించుకున్న గేదెపాలను మధ్యాహ్నందాకా కాచకుండా ఉంచి, అప్పుడు పొయ్యిమీద పెడితే ఏమవుతుంది? చూస్తూండగానే పాలు విరిగిపోతాయి. ముక్కలు ఒకవైపు, తేట ఒకవైపు! ఎందుకిలా జరుగుతుంది?

పాలలోని మాంసకృత్తులలో ఎక్కువభాగం కేసీన్. ఇది అతి చిన్న ఉండలుగా పాలంతటా తేలుతూంటుంది. ఆ ఉండలను వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు పొడవున ఐదారు వేలు పడతాయి. ఇంత కిక్కిరిసి ఉన్నా అవి ఒకదానికొకటి అంటుకోవు. ప్రతి ఉండకూ పైన నూగువంటి పొర ఉంటుంది. దానిమీద ఋణ విద్యుదావేశం ఉంటుంది. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని మీరు చదువుకున్నారు కదా!

వేడి వాతావరణంలో బాక్టీరియా చురుకుగా పెరిగి, పాలలోని చక్కెరను లాక్టికామ్లంగా మారుస్తుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లకు ధనావేశం ఉంటుంది. అవి కేసీన్ మీది ఋణావేశాన్ని తగ్గిస్తాయి. తాజాపాల పి.హెచ్. సుమారు 6.6. అది 4.6కు దిగేసరికి కేసీన్‌పై ధన, ఋణావేశాలు సరిసమానమవుతాయి. వికర్షణ పోయి ఉండలు కూడుకుంటాయి. కదపకుండా నెమ్మదిగా జరిగితే అదే గడ్డపెరుగు! కొద్దిగా పులిసిన పాలనే కాస్తే, వేడి కూడా తోడై అంతకు ముందే విరుగుతాయి.

వరదనాటి గోదావరి ఎర్రనీటిలో పటిక తిప్పితే మట్టి అడుగుకు దిగడమూ ఇలాంటిదే. మట్టిరేణువుల ఋణావేశాన్ని పటికలోని అల్యూమినియం అయాన్లు తగ్గిస్తాయి.

మరి పాలు విరగకుండా ఆపడమెలా? కొందరు వంటసోడా కలుపుతారు. సోడా ఆమ్లాన్ని హరిస్తుంది. కేసీన్ ఆవేశం నిలుస్తుంది, పాలు విరగవు. కాని బాక్టీరియా చావలేదే! విరగడం పాలు మనకిచ్చే హెచ్చరిక. సోడా ఆ హెచ్చరికను దాచేస్తుంది. అందుకే అది కల్తీ. అటువంటి పాలలో ఆల్కహాలు, రోసాలికామ్లం కలిపితే గులాబిరంగు వచ్చి గుట్టు బయటపడుతుంది. సరైన ఉపాయం ఆమ్లం పుట్టకుండా చూడడమే. పాలను పితికిన వెంటనే చల్లబరచాలి, లేదా తెచ్చిన వెంటనే కాచాలి.

మీరే చేసి చూడండి. తాజా పచ్చిపాలు ఒక గ్లాసులో, కొన్ని గంటలు బయట ఉంచిన పచ్చిపాలు మరో గ్లాసులో సమంగా తీసుకుని, నిమ్మరసం చుక్కచుక్కగా వేస్తూ కలపండి. ఏవి ఎన్ని చుక్కలకు విరిగాయో లెక్కపెట్టండి. ఆ పాలు మాత్రం తాగవద్దు. నిలవున్న పాలకు తక్కువ చుక్కలు ఎందుకు సరిపోయాయో ఇప్పుడు మీరే చెప్పగలరు!